అద్దకం షెడ్డులో మూల మిషను

అద్దకం షెడ్డు అంటే మా ఊర్లో చిన్న పిల్లోళ్ళు గూడా గమ్మునైపోతారు. అన్నం తినని పిల్లోనికి ఆ పేరు చెప్తే సాలు, ముద్ద మింగుతాడు. దీపాలు పెట్టినాక ఆ దోవన ఎవురూ పోరు. పోవాల్సొస్తే రైసు మిల్లు మీదుగా చుట్టు తిరిగి పోతారు. ఇంగ మీసాలు మెలేసే మగోళ్ళ సంగతి చెప్పేదే వద్దు. షెడ్డు కాడికి వచ్చేసరికి ఫోన్లో లైటు ఏసుకొని దేవుని పాటలు పెట్టుకుంటారు.

నా పేరు మహాదేవమ్మ. ఆ షెడ్డుకు ఎదురుగానే నా ఉగ్గాని బజ్జీల అంగడి. శానా ఏండ్లుగా ఆడ్నే కూర్చోనుండా, నన్ను ఒక్క దెయ్యమూ పలకరించలేదు. అయినా జరిగింది చెప్తా. రేత్రి సంగతి షెడ్డుకు కావలి పడుకునే ఉరుకుందు నోట ఇన్నది. పగటి సంగతి నా కండ్లతో చూసింది.

ఆ షెడ్డులో ముందు తిమ్మన్న అనే ఆయన నూలుకు రంగులేస్తాండె. మా నేత సంఘంలో ఆయనంత రంగు తెలిసినోడు లేడు. రేత్రి పూట లాంతరు పట్టుకొని తొట్టి తొట్టి కాడికీ పోయి, వంగి, రంగు పట్టిందా లేదా అని చూసేవాడంట. ఒక రేత్రి అట్ల వంగినోడు... మల్లా లేయలేదు. పొద్దున్నే చూస్తే మోచేతుల దాకా నీలి రంగు. పెద్దాయన, గుండె ఆగి పోయినాడు పాపం అనుకోవల్ల గదా? మా ఊరోళ్ళు అనుకోరు. తిమ్మన్న ఇంకా తొట్లు చూసుకుంటా ఆడ్నే తిరుగుతాండాడు అనిరి.

తర్వాత రంగేసిన నూలే బయటినుంచి రాబట్టె. తొట్లు పగలగొట్టి, షెడ్డుకు సున్నం కొట్టి, వరసలు వరసలుగా కంప్యూటర్లు పెట్టినారు. చీరల అంచులూ బుటాలూ వాటి మీద గీసేది మా పిల్లోళ్ళకు నేర్పేకి. నేర్చుకున్నోళ్ళల్లో యశోద ముందు. మగ్గం నేసే చిన్నన్న కూతురు. చిన్నన్నకు మోకాళ్ళు పోయినాయి, గుంతలో కూర్చోని మగ్గం తొక్కలేడు.

హైదరాబాదులో చీరల కంపెనీ ఒకటి మా సంఘంలో పరీక్ష పెడతామనె. పరీక్ష కంప్యూటరు మీద్నే, నెట్లోనే. గెలిచినోళ్ళు ఊర్లోనే ఉండి డిజైన్లు గీసి పంపీచ్చు, నెల నెలా జీతం. యశోద గెలిస్తే ఇల్లు నిలబడతాది. ల్యాకపోతే మగ్గం అమ్మేసి, తండ్రీ కూతురూ బెంగళూరుకు పోవల్ల. ఆ పిల్ల బట్టల ఫ్యాక్టరీలో కుట్టు మిషను కాడ, చిన్నన్న యాడన్నా గేటు కాడ కావలి. ఆ పిల్లకు ఆ పరీక్ష ఒక్కటే దిక్కు.

ఇంగ ఉరుకుందు చెప్పింది ఇనండి.

ఊరంతా పడుకున్నాక వాడు షెడ్డు వాకిట్లో మంచం ఏసుకున్నాడు. గాలి లేదు. ఆకు గూడా కదలడం లేదు. కండ్లు మూత పడతాండగా, లోపల నుంచి... ఎవురో ఊపిరి తీసుకున్నట్ల... సన్నగా సద్దు.

లేసి కిటికీలో నుంచి తొంగి చూసినాడు.

మూల కంప్యూటరు వెలుగుతాంది.

తలుపుకు ఏసిన తాళం ఏసినట్లే ఉండాది. లోపల నరమానవుడు లేడు. నీలం వెలుతురు... అందులో ఆకుపచ్చ గీత ఒకటి... మెల్లగా పెరుగుతాంది. వీడు ఊపిరి బిగబట్టి చూస్తాండాడు. గీత నిండింది. నిండగానే — పక్క కంప్యూటరు వెలిగింది. దానిలోనూ అదే గీత. తర్వాత దాని పక్కది... దాని పక్కది...

ఎవురో వరస ఎంబడి నడుస్తాండారు. ఒక్కో దాని ముందర ఆగి, వంగి, చూసి, ముందుకు పోతాండారు. మొదటి వరస అయిపాయ. రెండోది అయిపాయ. ఇంగ కిటికీ కాడి వరస... వాని వైపే వస్తాంది...

అంతే. చెప్పులు ఆడ, వీడు ఈడ. నా తలుపు కొట్టినాడు. తీసి చూస్తే మొగంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా... తిమ్మన్న..."

"యాడ?" అంటి.

"లోపల... తొట్లు చూస్తాండాడు..."

నీళ్ళిచ్చి పడుకోమంటి. తెల్లారే దాకా నా అరుగు మీద కూర్చోని ఉండే దేవుళ్ళనందర్నీ పేరు పేరునా పిలుస్తానే ఉండె. వీడంట సంఘానికి కావలి.

పొద్దున్నే సంఘం ప్రెసిడెంటు ఉమామహేశ్వర వచ్చె. తెల్ల బట్టలు, చేతికి నాలుగు ఉంగరాలు, నోట్లో వక్కాకు. షెడ్డు చుట్టూ తిరిగి, గోడ తట్టి చూసి, దెయ్యం మూల మిషనులో కూర్చోనుండాదని తేల్చినాడు. దాన్ని ఊడబీకి నూలు గోదాంలో పెట్టిచ్చి, మీద గోనె పట్ట కప్పిచ్చినాడు. పాపం, దానికి చలి పుడతాదనేమో.

ఆ రేత్రి ఉరుకుందుకు తోడుగా నలుగురు మొగోళ్ళు కూర్చున్నారు. అందరూ కలిసి చూసినారు. ఊపిరి సద్దు వచ్చె... ఈసారి మూల పక్క మిషను ముందుగా వెలిగె. మల్లా వరస వరసా నడక.

"దెయ్యం జరిగి కూర్చోనింది," అన్నాడు ప్రెసిడెంటు మరుసటి రోజు. దాన్నీ పీకిచ్చినాడు. ఆ రేత్రి దాని పక్కది వెలిగె. దాన్నీ పీకిచ్చినాడు. ఇట్ల దెయ్యం జరుగుతా పోతే, ఈయన పీకుతా పోతే, పరీక్షకు మిగిలేది ఒట్టి బల్లలే. ఆ మాట నేను మొగం మీద్నే అంటి. ఆడోళ్ళకు ఈ సంగతులు తెలియవులే అనె.

యశోద మాత్రం మెల్లగా, చేతులు కట్టుకొని అడిగె.

"పెదనాయనా, కర్నూలు చంద్రన్నకు ఒక్క ఫోను చేయరాదా? మిషన్లు బిగిచ్చింది ఆయనే గదా."

"గమ్మునుండు పాపా. దెయ్యాన్ని వాడు ఫోన్లో దింపుతాడా?"

పిల్ల మల్లా మిషను కాడికి పోయె. ఈయన మాట దాటి ఫోను చేస్తే పరీక్ష రాసేవాళ్ళల్లో పేరు కొట్టేస్తాడని భయం. కొట్టేసే మనిషే గూడా.

ఈ లోపల అమావాస్య వచ్చె. అమావాస్య నాడు మా వాళ్ళు మగ్గం మీద కూర్చోరు. పోగుల మధ్యన ఆడే నాడె ముట్టుకోరు, పోగు అతకరు. తాతల నాటి ఆనవాయితీ, దాని జోలికి నేను పోను. ఒంటికి ఒక పూట సుఖం గదా. కానీ ఉమామహేశ్వరకు ఆ పొద్దు జ్ఞానం పుట్టె.

"మగ్గానికి అమావాస్య సెలవు ఉండాది," అన్నాడు పది మందిని కూర్చోబెట్టి. "ఈ మిషన్లకు యాడుండాది? వచ్చినప్పటి నుంచి ఒక్క రోజన్నా పడుకున్నాయా? తిమ్మన్న కోపం అదే."

అందరూ తలకాయలు ఊపినారు. అమావాస్య నుంచి పరీక్ష నాటి పొద్దు దాకా మిషన్లకు సెలవు. మెయిన్ స్విచ్చి తీసి, ఫీజు పీకి, పెట్టెకు తాళమేసి, ఎర్ర దారంతో నిమ్మకాయ కట్టినారు.

ఆ రేత్రి షెడ్డు చీకటి. ఊపిరి లేదు, వెలుతురు లేదు. మర్నాడూ లేదు. ఆ మర్నాడూ లేదు. దెయ్యం పోయిందని ఊరంతా సంబరం. రామాంజి గుడి కాడ ప్రెసిడెంటుకు శాలువా కప్పినారు. కరెంటు తీస్తే లైటు ఎలగదని కనిపెట్టినందుకు శాలువా... నేను చేసిన నేరమల్లా నాలిక పట్టుకోలేకపోవడమే, ఆ మాట గూడా అనేస్తి.

పరీక్ష పొద్దున యశోద ఏమీ తినకుండా వచ్చింది. ఉగ్గాని పొట్లం కట్టుకొని నేనూ లోపలికి పోతి. పది గంటలకు పరీక్ష తెరుస్తారు, పన్నెండుకు మూస్తారు. కంపెనీ వాళ్ళు హైదరాబాదు నుంచే చూస్తాంటారంట. నిమ్మకాయ తీసి, ఫీజు పెట్టి, అన్ని మిషన్లూ ఒక్కసారే ఏసినారు.

అన్నీ వెలిగినాయి. అన్నిట్లోనూ — అదే ఆకుపచ్చ గీత.

ఉరుకుందు వాకిట్లోకి ఉరికె. మిగిలినోళ్ళు ఉన్న చోట్నే బిగుసుకుపోయిరి. గీత పెరగడం లేదు. గోరంత కదలడం... ఆగడం. దాని కింద ఏమో రాసుండాది. యశోద చదివి చెప్పె: కంప్యూటరు వైరసులకేసే మందు పాతబడింది, కొత్తది వచ్చేదాకా పరీక్ష తెరవదు.

పదిన్నర అయ్యె. గీత ఆడ్నే ఉండాది.

అప్పుడు ఆ పిల్ల ఇంగ ఎవుర్నీ అడగలేదు. చంద్రకు ఫోను చేసి, ఇని, ప్రెసిడెంటు తట్టు తిరిగె.

"పెదనాయనా, అన్నీ ఆర్పేసి ఒక్కటే పెట్టాలంట. ఒక దానికి మందు దిగినాక మిగిలినవి దాని కాడ తీసుకుంటాయంట. బిర్నా ఆర్పితే టయానికి అందుతాదంట."

"శుభమా అని పరీక్ష పెట్టుకొని దీపాలు ఆర్పుతారా?" అన్నాడు ఉమామహేశ్వర. "ఎవురూ ముట్టొద్దు. అరిష్టం."

టెంకాయ తెప్పిచ్చినాడు. గడప కాడ కొట్టినాడు. ఆకుపచ్చ గీతకు టెంకాయ ఏం తెలుసు? అది అట్లే ఉండె. పొట్లం ఇప్పి ముందర పెట్టినా యశోద తినలేదు.

చంద్ర కర్నూలు నుంచి బండి మీద ఉరుక్కుంటా వచ్చేసరికి పదకొండున్నర దాటె. ఎవుర్నీ పలకరించలేదు. టక టకా అన్ని మిషన్లూ ఆర్పి, ముందర ఉండే ఒక్కటే ఏసినాడు. గీత జర జరా పెరిగింది... నిండింది. పక్కది ఏసినాడు. నిండింది. దాని పక్కది... దాని పక్కది... పట్టపగలు, అందరి కండ్ల ముందర, వెలుతురు వరస ఎంబడి నడుస్తా పోయింది.

పని చేస్తానే చెప్తాండె. లోకంలో రోజూ కొత్త వైరసులు పుడతాంటాయంట. వాటిని గుర్తు పట్టే ఆనవాళ్ళు గూడా రోజూ కొత్తగా వస్తాంటాయి, ప్రతి మిషనుకూ అవి చేరాలంట.

"మన లైను సన్నది," అనె. "అందరూ ఒక్కసారే బిందెలు ఎత్తుకొని ఒకే కొళాయి మీద పడితే ఎవురి బిందె నిండుతాది? అందుకే రేత్రి పూట మూల మిషను ఒక్కటే దానంతట అదే లేసి, లోపలి ఫ్యాను ఊపిరి మాదిరి బుస్సుమంటా, పోయి తెచ్చుకొని పక్కోళ్ళకు పోస్తాది. వాళ్ళు వాళ్ళ పక్కోళ్ళకు. అది లేకపోతే పక్కది ఆ పని ఎత్తుకుంటాది. పొద్దునకు అందరి ఇండ్లల్లో నీళ్ళు. వారం దినాలు కరెంటు తీసి పెడితివి, ఒక్కరింట్లోనన్నా చుక్క ఉండాదా?"

ఇంకో మిషను ఏసి ప్రెసిడెంటు తట్టు తిరిగినాడు.

"పోయినేడే నీకు చెప్తినే పెద్దాయనా. రేత్రి మెయిన్ తీయొద్దని."

"చెప్పింటావులే," అన్నాడు ఉమామహేశ్వర. "నాకు నూరు పనులు."

వెలుతురు రెండో వరస దాటి యశోద కూర్చున్న వరసకు వచ్చె. ఆ పిల్ల రెప్ప ఆర్పకుండా చూస్తాంది. ఒకటి నిండె... ఇంకొకటి నిండె... ఆ పిల్ల ముందర గీత మొదలాయ. సగం... ముప్పాతిక...

నిండింది. పరీక్ష తెరుచుకునింది. తెరుచుకొని ఒకే ముక్క చూపిచ్చింది. టైము అయిపోయిందంట.

యశోద చేతులు తీసి ఒళ్ళో పెట్టుకునింది. ఏడ్వలేదు. నాకు మాత్రం ఆ టెంకాయ చిప్ప తీసి ప్రెసిడెంటు నెత్తిన ఏద్దామనిపిచ్చింది.

ఉమామహేశ్వర చంద్ర పక్కకు వంగి, మెల్లగా అడిగినాడు.

"అంతా అర్థమాయ గానీ అబ్బయ్యా... ఇంతకీ ఆ పంచేది తిమ్మన్నేనా?"

కంపెనీ వాళ్ళు మల్లా రాలేదు. ఈ ఊరి లైను నమ్మేకి లేదని ఇంకో ఊర్లో పరీక్ష పెట్టుకొని, వాళ్ళకు కావలసినోళ్ళను తీసుకున్నారు. చిన్నన్న మగ్గాన్ని ఇప్పి ఎవరికో ఇచ్చేసినాడు. తండ్రీ కూతురూ రెండు సంచులతో బెంగళూరు బస్సు ఎక్కినారు. ఎక్కిచ్చేకి నేను పోతి. చిన్నన్న మోకాళ్ళు పట్టుకొని, ఒక్కో మెట్టూ ఎక్కి, బస్సులోకి వంగి పోయినాడు.

ఇప్పటికీ కొత్తోళ్ళు నా అంగడి కాడ ఆగి, షెడ్డు తట్టు చూసి, గొంతు తగ్గిచ్చి అడుగుతారు. "అవ్వా, ఈడ దెయ్యం ఉండాదంట, నిజమేనా?"

ఉండాది నాయనా, అంటా. నేనే చూసినా. రోజూ పొద్దున్నే తెల్ల బట్టలేసుకొని వస్తాది. నా అంగట్లో కూర్చోని, ఉగ్గానిలో కారం తక్కువైందని వంక పెట్టి, తిని, మూతి తుడుసుకొని, సంఘం ఆఫీసుకు పోతాది.