కుడివైపు సీటు

ఆదివారం పొద్దున ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆ వీధి వీధంతా ముసుగుతన్ని పడుకుంది. ఆంజనేయప్రసాద్ మాత్రం కాఫీ తాగిన కప్పు కడిగి బోర్లించి, గరాజ్‌లోకి వెళ్లి, కారు కుడివైపు తలుపు తీసి కూర్చున్నాడు. ఈ దేశంలో ఆ వైపు స్టీరింగ్ ఉండదు. ఉన్నట్టే చేతులు గాలిలో పట్టుకుని, లేని గేరును ఎడమచేత్తో మార్చాడు.

"ఎడమకే ఉండు, ఎడమకే ఉండు" అని తనకు తానే చెప్పుకున్నాడు.

వచ్చే నెల ఆయన ఆఫ్రికాలోని నమీబియా వెళ్తున్నాడు. పైన టెంట్ బిగించిన జీపు అద్దెకు తీసుకుని, గైడ్ లేకుండా తనే నడుపుకుంటూ ఏనుగులూ సింహాలూ తిరిగే చోట్లన్నీ చూస్తాడు. గరాజ్ నిండా ఆ సరంజామాయే. నీళ్ల క్యాన్లు, టైర్లకు గాలి కొట్టే పంపు, చక్రం ఇసుకలో దిగబడితే తవ్వే పార, వాటి మధ్య బుల్లి ప్రెషర్ కుక్కర్. అడవిలోకి కుక్కర్ ఎందుకని అడిగే మనిషి ఆ ఇంట్లో లేదు. భార్య పద్మజ పోయి రెండేళ్లు దాటింది. ఈమధ్య కొన్ని రోజులైతే ఆ "ఎడమకే ఉండు" తప్ప ఆయన నోట ఇంకో మాటే రాలేదు.

"డాడీ! నువ్వు ఏం చేస్తున్నావ్?"

గుమ్మంలో కూతురు నమ్రత. తనుండే షాంటిలీ నుంచి నిన్ననే వచ్చింది. ఎందుకొచ్చిందో చెప్పలేదు గానీ, సామాను కేసి చూసిన చూపులోనే ఆయనకు అర్థమైంది.

"ప్రాక్టీస్, అమ్మలూ. అక్కడ స్టీరింగ్ కుడిపక్క ఉంటుంది."

"అది అమ్మ సీట్." అంది నమ్రత. "అమ్మ సీట్‌లో కూర్చుని గాలిలో డ్రైవ్ చేస్తున్నావ్. నాకు భయం వేస్తుంది డాడీ. ట్రిప్ క్యాన్సిల్ చెయ్యి, ప్లీజ్. మా బేస్‌మెంట్‌లో రూమ్ రెడీ చేశాను. వచ్చేయ్."

"బేస్‌మెంట్‌లోకా? నేనేమన్నా పాత సోఫానా?"

"జోక్ చెయ్యకు! అక్కడ నీకు ఏమైనా అయితే నాకు ఎవరు చెప్తారు? లయన్ కాల్ చేస్తుందా? అమ్మ లేదు. నాకు ఉన్నది నువ్వు ఒక్కడివే."

ఎన్నాళ్లుగానో అణచుకున్నదేదో ఆయనలో పొంగింది.

"ఇక్కడుంటే మాత్రం ఏం చూసుకుంటున్నావ్? ఫోన్ చేసి తిన్నావా అంటావ్. తిన్నానంటాను. ఏం తిన్నానో ఒక్కనాడూ అడగవు. నువ్వు పెట్టేశాక ఈ ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు!"

నమ్రత ముఖం చిన్నబోయింది. వచ్చి డ్రైవర్ సీట్లో, అంటే ఆయన సీట్లో, కూలబడి ఏడ్చేసింది. అనకూడని మాట అనేశానని ఆయన మనసు చివుక్కుమంది.

వెక్కుతూనే నమ్రత అడిగింది. "ఆఫ్రికానే ఎందుకు డాడీ? హవాయీ వెళ్లొచ్చు కదా?"

"మీ అమ్మ విజయవాడలో కారు నడిపేది, తెలుసా? బెంజ్ సర్కిల్లో బస్సులవాళ్లే ఆవిడకి దారిచ్చేవాళ్లు."

"అమ్మా? డ్రైవింగా?"

"ఇక్కడికొచ్చిన కొత్తల్లో ట్వెల్వ్ మైల్ రోడ్ మీద, అలవాటు కొద్దీ ఎడమపక్కకి తిప్పేసింది. ఎదురుగా ట్రక్కు. వెనక సీట్లో పసిగుడ్డువి నువ్వు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆవిడ మళ్లీ స్టీరింగ్ ముట్టుకోలేదు. నేను ఆటపట్టిస్తే, 'ఎడమపక్క నడిపే దేశానికి తీసుకెళ్లండి, వెనకనుంచి హారన్ కొట్టేవాడు లేని చోటికి. అప్పుడు చూపిస్తా' అనేది. ఇండియా ఉందిగా అంటే, 'మా తమ్ముడు డ్రైవర్ని పెట్టేస్తాడండీ' అనేది. అందుకే ఆ అడవి. రిటైరయ్యాక వెళ్దామనుకున్నాం. ఆవిడ నడపాలి, నేను పక్కన కూర్చోవాలి."

నమ్రత కళ్లు తుడుచుకుంది. "నాకు తెలియదు. అమ్మకి కార్ అంటేనే భయం అనుకున్నాను. సిగ్నల్ వస్తే చాలు, ఆ సైడ్ కూర్చుని కాలితో లేని బ్రేక్ నొక్కేది. మనిద్దరం నవ్వేవాళ్లం, గుర్తుందా?"

గుర్తుంది. ఆంజనేయప్రసాద్ తల వంచి చూశాడు. కాళ్ల కింద మ్యాట్, కుడి మడమ ఆనే చోట, అరిగి అరిగి చిరుగుపట్టింది. రోజూ వచ్చి కూర్చుంటున్నా అది ఆయన కంటపడలేదు. ఆ చిరుగులో తన మడమ ఆనించి పాదం నొక్కాడు. సరిగ్గా సరిపోయింది.

ఉద్యోగమంతా కార్ల కంపెనీలో బ్రేకులు పరీక్షించడంతోనే గడిపిన మనిషి. పక్క సీట్లో ఒక బ్రేకు ఇన్నేళ్లు పనిచేసిందని తెలుసుకోలేకపోయాడు. భయంతో నొక్కుతోందనుకున్నాడు. భయం కాదు. ఆవిడ నడిపింది. ఆయన వెళ్లిన ప్రతి దారీ ఆవిడా నడిపింది, ఆయన ఆపిన ప్రతి చోటా ఆవిడా ఆపింది.

"పద్మా" అన్నాడు. ఇక ఆగలేదు. కూతురి ముందు ఎప్పుడూ ఏడవని మనిషి రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. నమ్రత ఆయన వీపు నిమురుతూ కూర్చుంది.

చివరికి దిగి అటు వైపు వచ్చి, ఆయన కాళ్ల కిందనుంచి ఆ మ్యాట్ లాగి దులిపింది. చుట్టచుట్టి నీళ్ల క్యాన్ల పక్కన పెట్టింది. అప్పుడు కనపడింది నమ్రతకి ఆ బుల్లి కుక్కర్.

"కుక్కర్ ఎందుకు డాడీ?"

"పప్పన్నం లేకపోతే నాకు నిద్ర పట్టదమ్మా."

"ఓకే. రోజూ నాకు కాల్ చెయ్యి. శాటిలైట్ ఫోన్ నేను కొనిస్తాను. ఏం తిన్నావో మొత్తం చెప్పాలి." మ్యాట్ మీద చెయ్యి వేసింది. "ఇది కూడా తీసుకెళ్లు. అక్కడ కార్‌లో రైట్ సైడ్ వెయ్యి."

"పెడల్స్ కింద వదులు మ్యాట్ వేయకూడదు తల్లీ, ప్రమాదం" అన్నాడు, ముక్కు చీదుకుంటూనే, బ్రేకుల ఇంజనీరు.

"అయితే గట్టిగా టేప్ వెయ్యి. అక్కడ అమ్మ సీట్‌కి నిజం బ్రేక్ ఉంటుంది డాడీ."