సగంలో ఆగిన గాలపు కర్ర

ఆదివారం పొద్దున్నే కాఫీ తాగి, కళ్ళజోడు తుడుచుకుని, టైలరమ్మ వెనక గదిలోకి వెళ్ళి కూర్చుంది. వీధిలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. బతుకంతా పరాయివాళ్ళ కొలతలు తీసిన మనిషి. ఇప్పుడు ఆమె ముందున్నది మాత్రం బట్ట కాదు, గాలపు కర్ర.

సన్నటి వెదురు బద్దలు అతికించి, నున్నగా చిత్రిక పట్టి, బెండు పిడి బిగించేదాకా చేసి ఆమె భర్త కన్నుమూశాడు. ఏడాది కావస్తోంది. కర్ర పొడవునా దారం దూరేందుకు చిన్న చిన్న తీగ ఉంగరాలు పెట్టి, ఒక్కోదాన్నీ పట్టుదారంతో చుట్టి బిగించే పని మిగిలిపోయింది. ఎలా చుట్టాలో గాలాలమ్మే షాపాయన చూపించాడు. "చేపలు పడతారా అమ్మా?" అని అడిగితే, "నాకు నీళ్ళంటేనే పడదు" అంది. మరెందుకని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆ పొద్దున ఆఖరి ఉంగరం కట్టడం అయింది. దారపు కట్ల మీద చిక్కటి వార్నిష్ పూసి, కర్రను రెండు కొయ్య పంగల మీద ఆనించి, మెల్లగా తిప్పడం మొదలుపెట్టింది. గట్టిపడేదాకా తిప్పుతూనే ఉండాలి. ఆగితే వార్నిష్ ఒక పక్కకి జారి గడ్డకడుతుంది.

సరిగ్గా అప్పుడే కొడుకు ఖాళీ అట్టపెట్టెలు మోసుకుంటూ వచ్చాడు.

"ఇంకా ఇది పట్టుకునే కూర్చున్నావా అమ్మా? ఇవాళ గది ఖాళీ చేద్దామని నిన్నే అనుకున్నాంగా."

"చేద్దాంలేరా. ఇది కాస్త ఆరనీ."

"ఈ వాసనకి నీ కోడలికి తల తిరిగిపోతోంది. నెలలు నిండిన మనిషి. పాపాయి మంచం ఇక్కడే వెయ్యాలి కదా!"

"మధ్యలో నన్ను లాగకండి!" వంటింట్లోంచి కోడలి గొంతు వినిపించింది. "నా తల బాగానే ఉంది."

కొడుకు మొహం మాడ్చుకుని అలమారు మీదున్నవన్నీ పెట్టెలోకి తోయసాగాడు. ఈకల పొట్లాలు, దారపు చక్రాలు, చిన్న చిన్న కత్తెరలు.

"మెల్లగారా, విరుగుతాయి."

"విరగనీ! ఆయనకి ఈ గదీ, ఆ నదీ తప్ప మనం ఏనాడైనా కనపడ్డామా? స్కూల్లో నా పరుగు పందెం రోజు కూడా నదికే పోయాడు. ఆ మనిషి కర్రని నువ్వింకా నెత్తిన పెట్టుకుంటావేం?"

"నెత్తిన పెట్టుకోడానిక్కాదు," అంది ఆమె, చెయ్యి ఆపకుండానే. "కోపంతో చేస్తున్నా."

కొడుకు చేతులు ఆగిపోయాయి.

"బస్సు డిపోలో పని దిగి రాగానే ఈ గదిలో దూరేవాడు. తలుపవతల నేను మిషన్ తొక్కుకుంటూ ఉండేదాన్ని. ఒకే కప్పు కింద ఇద్దరు ఒంటికాయ శొంఠికొమ్ములం. నాలో లేనిది ఈ కర్రలో ఏముందో చూద్దామని పట్టుకున్నా."

"కనపడిందా?"

ఆమెకి మణికట్టు పట్టేసింది. "కాస్త నువ్వు తిప్పరా, కారిపోతుంది," అంది. అతను విసుక్కుంటూనే కూర్చుని కర్ర అందుకున్నాడు.

ఇద్దరి మధ్యా కర్ర తిరుగుతోంది. కట్ల మీద వార్నిష్ తడిగా మెరుస్తోంది. కాసేపటికి అతని భుజం లాగడం మొదలైంది.

"ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదమ్మా. నాన్న ఒక్కడే ఎలా తిప్పేవాడు?"

ఆమె వార్నిష్ డబ్బా మూత బిగించి పక్కన పెట్టింది. 

"మొదట్లో ఒకసారి నన్ను పిలిచాడు," అంది. "ఓసారి ఇలా రా, ఇది పట్టుకుందువుగాని అని. చేతిలో పనుందన్నా. పని చెప్తున్నాడనుకున్నాన్రా. రమ్మంటున్నాడనుకోలేదు."

కొడుకు తలెత్తలేదు.

"నన్నూ పిలిచాడు, నదికి. పందేనికి రాలేదన్న కోపంతో నేను రానన్నా. మళ్ళీ పిలవలేదు."

"ఒకసారి కాదంటే రెండోసారి అడగడం చేతకాని మనిషి. తప్పంతా మనదే కాదులే."

"నాకు భయంగా ఉందమ్మా. పుట్టబోయే బిడ్డకి నేనూ అలాగే అయిపోతానేమో."

"నువ్వు రెండోసారి కూడా పిలువు. అంతేగా," అంది ఆమె, కొడుకు చెమట తుడుస్తూ.

సాయంత్రానికి గది ఖాళీ అయింది. కర్ర మాత్రం పెట్టెలోకి వెళ్ళలేదు. అది పూర్తిగా ఆరాక మరో ఆదివారం కోడలే తల్లీకొడుకులిద్దర్నీ నదికి తరిమింది.

ఎరకి బదులు ఈకలతో పురుగులా కట్టిన గాలానికి బరువుండదు. దారాన్నే వెనక్కి ఊపి, ముందుకు విసిరి నీళ్ళ మీద పరచాలి. టైలరమ్మ మొదటిసారి విసిరేసరికి గాలం వెళ్ళి కొడుకు కాలరు పట్టుకుంది.

"మొదటి దెబ్బకే పెద్ద చేప పడిందే!" అన్నాడతను. చొక్కా పోగైనా తెగకుండా గాలం తీస్తూ ఆమె పకపకా నవ్వింది.

విసురుతూ విసురుతూ ఆమె తనకి తెలీకుండానే చీలమండల లోతు నీళ్ళలోకి దిగింది. ఎన్నో విసుర్ల తర్వాత దారం గాల్లో విచ్చుకుని, చప్పుడు లేకుండా నీళ్ళ మీద వాలింది. వాళ్ళిద్దరూ తప్ప చుట్టూ ఎవరూ లేరు. ప్రవాహం దారాన్ని మెత్తగా లాగుతుంటే ఆ కదలిక కర్రలోంచి ఆమె అరచేతిలోకి వచ్చింది. ఇన్నేళ్ళూ ఆయన ఇక్కడ ఒక్కడే నిలబడి ఉంటాడు. ఇది చూడమని చెప్పడానికి పక్కన మనిషి లేక.

"ఇంత బాగుంటుందని ఒక్క మాట గట్టిగా చెప్పి ఏడవచ్చుగా ఆ మనిషి!" అంది. ఆయన పోయిన రోజు కూడా రాని ఏడుపు ఒక్కసారిగా ముంచుకొచ్చింది.

కొడుకు చెప్పులు వదిలి నీళ్ళలోకి దిగి, ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఇంటికి వెళ్దామా అమ్మా?"

"కాసేపాగరా," అంది ఆమె, ముక్కు తుడుచుకుంటూ. "చూడనీ."