ఎల్లమ్మకు వీపు పెట్టిన బండి

బైక్ ఎగిరి పడింది!

స్పీడ్ బ్రేకర్‌ని అబూబకర్ చూడలేదు. చూసినా ఆగేవాడు కాదు.

ముందు వంద గజాల దూరంలో ఒక డీసీఎం లారీ పోతోంది. ఒళ్లంతా సీరియల్ లైట్లు, బంతిపూల దండలు, వేపమండలు. వెనక తలుపుకి, అదే డాలాకి, పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. ఎవరు చూసినా బోనాల ఫలహారం బండే అనుకుంటారు.

అబూబకర్ అనుకోవడం లేదు.

"మెల్లగ పోర! సంపుతవా ఏంది?"

వెనక కూర్చున్న హనుమాండ్లు అతని భుజాన్ని గట్టిగా పట్టుకున్నాడు. అరవై రెండేళ్ల మనిషి. బల్కంపేటలో పాత మెకానిక్. పాతికేళ్ల కిందట అబూబకర్ చేతికి పానా ఇచ్చి పని నేర్పింది ఆయనే. అందుకే ఇప్పటికీ ఉస్తాద్.

"గది మన ఖాదర్ నడిపిన బండే, ఉస్తాద్!"

"నీకెట్ల ఎర్క?"

"మూడో గేర్ల ఏడుస్తుంది. ఇను!"

బల్కంపేట గల్లీల్లోంచి డప్పుల మోత. మైకులో ఎల్లమ్మ పాటలు. వాటన్నిటి మధ్య నుంచి సన్నగా, గీరుకుంటూ... ఏడుపు.

ఆ గేర్ బాక్స్‌ని అబూబకర్ మూడుసార్లు విప్పాడు. కన్నతల్లి దగ్గును గుర్తుపట్టలేని కొడుకు ఉంటాడేమో గానీ, తను విప్పిన గేర్ బాక్స్‌ని గుర్తుపట్టలేని మెకానిక్ ఉండడు.

రాత్రి ఎనిమిది దాటింది. ఈ టైంలో లారీలకి సిటీలో ఎంట్రీ లేదు. కానీ బోనాల బండి అయితే? పోలీసులే చెయ్యి ఊపి పంపిస్తారు!

మంచి ప్లానే. కానీ చంద్రమ్మ ఉందని మర్చిపోయారు.

చంద్రమ్మది గల్లీ మొదట్లో చాయ్ బండి. పది నిమిషాల కింద ఫోన్ చేసింది. నెత్తి మీద బోనం, చెవి దగ్గర ఫోను!

"అరే అబూ! ఫలహారం బండంటే గుడి కాడికి రావాలె, గుడి సుట్టు తిరగాలె. గిదేందిర బిడ్డా, ఎల్లమ్మకు వీపు పెట్టి అమీర్‌పేట దిక్కు ఉరుకుతుంది! డప్పు లేదు, పోతరాజు లేడు, ఎన్క ఒక్క మనిషి సుత లేడు. గా రాకేశ్ గాని షెడ్డుల కెల్లి ఎల్లింది!"

రాకేశ్!

ఆ పేరు వింటేనే అబూబకర్‌కి అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

నలభై రెండు రోజుల కిందట పంజాగుట్టలో మెట్రో పిల్లర్‌కి ఒక డీసీఎం గుద్దుకుంది. ఓనర్ రాకేశ్. డ్రైవర్ ఖాదర్... అబూబకర్ తమ్ముడు. రోడ్డు దాటుతున్న హాస్టల్ పిల్లల మీదికి పోకుండా బండిని పిల్లర్ మీదికి తిప్పాడు. పిల్లలు బతికారు.

ఖాదర్ బతకలేదు.

"నిద్రపోయి గుద్దిండు" అన్నాడు రాకేశ్.

కేసులో అదే రాశారు. బ్రేకులు చూడండి అని అబూబకర్ మొత్తుకున్నాడు. చూడటానికి బండేది? తెల్లారేసరికి మాయం! ఎవరో ఎత్తుకుపోయారని రాకేశే కంప్లైంట్ ఇచ్చాడు. దొంగే దొంగ దొంగ అని అరిచినట్టు!

ఖాదర్ కూతురు ఉమైరాకి ఏడేళ్లు. స్కూల్లో ఎవరో అన్నారట, మీ నాయన నిద్రపోయి చచ్చాడని. ఆ రోజు నుంచి ఆ పిల్ల రాత్రిళ్లు కన్ను మూయడం లేదు.

"అబ్బా నిద్రపోయిండా, బడే అబ్బా?"

పెదనాన్నని ఎన్నిసార్లు అడిగిందో! ఆ బండి దొరికితే జవాబు చెప్పగలడు. దొరక్కపోతే ఆ పిల్ల బతుకంతా ఆ మాట మోయాలి.

రేపు పొద్దున రాకేశ్ షెడ్డు సోదా చేస్తానని ఎస్సై అనుపమ మాటిచ్చింది. ఈ రాత్రే బండి బయటికి వచ్చింది. రాకేశ్‌కి ఎలా తెలిసింది? అబూబకర్ చెప్పింది ఒక్క ఉస్తాద్‌కే...

ఆలోచించే టైం లేదు.

డీసీఎం అమీర్‌పేట మెయిన్ రోడ్డెక్కింది!

"ఇగ వదిలెయ్‌ర. పోలీసోళ్లకు ఫోన్ కొట్టు. వాళ్లే జూస్కుంటరు" అన్నాడు హనుమాండ్లు.

"కొట్టిన. వాళ్లు అచ్చేదాంక వీడు ఆగుతడా?"

క్లచ్ నొక్కాడు. లివర్ పొద్దున విరిగింది. చంద్రమ్మ చాయ్ బండి దగ్గర నిలబడే ఉస్తాద్ కట్టు కట్టాడు. నూలు దారం చుట్టి, సబ్బు రాసి, మూడు ముళ్లు వేసి, నములుతున్న పాన్ నములుతూనే దారాన్ని పళ్లతో పుటుక్కున కొరికాడు. దారం కొస ఎర్రగా మిగిలింది.

"పెండ్లికి మూడు ముళ్లు, రిపేరుకు మూడు ముళ్లు. ఇగ ఊడదు! పాన్ తినవు, జర్దా తినవు, నువ్వేం మెకానిక్‌వుర?" అని నవ్వాడు.

నిజంగానే ఊడలేదు. ఉస్తాద్ పని అలాంటిది.

మైత్రీవనం దగ్గర జామ్. కోచింగ్ వదిలిన పిల్లలు రోడ్డు నిండా. డీసీఎం హారన్ కొట్టింది. కానిస్టేబుల్ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"బోనాల బండి! జరుగుండ్రి, జరుగుండ్రి!"

దారి ఇచ్చాడు! అది చూసి అబూబకర్ పళ్లు పటపట కొరికాడు.

"ఏయ్, నీ హెల్మెట్ ఏదిరా? ఆపు!"

దొంగకి సలాం, వెంటపడేవాడికి చలానా!

అబూబకర్ ఆపలేదు. రెండు ఆటోల మధ్య సందులోంచి బైక్‌ని దూర్చాడు. అద్దం విరిగింది. ఎవరో తిట్టారు. డీసీఎం వెనక డాలా చేతికి అందేంత దూరం...

"బండి నువ్వు పట్టు ఉస్తాద్!"

"అరేయ్! వద్దుర!"

దూకాడు!

డాలా గొలుసు చేతికి దొరికింది. మోకాలు ఇనుముకి కొట్టుకుంది. వెనక బైక్ వంకర్లు తిరిగి, ఉస్తాద్ చేతిలో నిలబడింది.

అబూబకర్ పైకి ఎక్కాడు. లోపల అమ్మవారి పటం లేదు. ఫలహారం లేదు. ఖాళీ! పూలదండలు తెంపుకుంటూ ముందుకి పాకాడు. ఎడమ పక్కకి దిగి, క్యాబిన్ డోర్ లాగాడు.

స్టీరింగ్ మీద రాకేశ్!

"నువ్వారా!"

"నేనే! ఆపు!"

"దూకు! లేకుంటె తొక్కిచ్చి సంపుత!"

"ఎట్ల? నా తమ్మున్ని సంపినట్టా?"

రాకేశ్ కాలితో తన్నాడు. అబూబకర్ ఆ కాలే పట్టుకుని లోపలికి ఎగబాకాడు. కాలర్ అందింది. ఒక్కటి పీకాడు. ఇంకొకటి పీకబోయి... ఆగాడు.

రాకేశ్ రోడ్డు వైపు చూస్తున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

పంజాగుట్ట సిగ్నల్. రెడ్!

రోడ్డు దాటుతున్న జనం. నెత్తి మీద బోనాలతో ఆడవాళ్లు. చంకల్లో చంటిపిల్లలు.

రాకేశ్ బ్రేక్ తొక్కాడు. పెడల్ నేలకి తగిలింది. మళ్లీ తొక్కాడు. మళ్లీ నేలకే!

"పడ్తలేదు... బ్రేక్ పడ్తలేదు!"

డోర్ తెరిచాడు. దూకేశాడు!

తన బండిలోంచి తనే! జనం మీదికి బండిని వదిలేసి!

"థూ! నీ బతుకు పాడుగాను!"

అబూబకర్ సీట్లోకి జారి తనూ పెడల్ తొక్కాడు. నేలకే! గేర్ కిందికి లాగాడు. మూడు... రెండు! గేర్ బాక్స్ గావుకేక పెట్టింది. హ్యాండ్ బ్రేక్ గుంజాడు. వైర్ తెగి చేతిలోకి వచ్చింది!

యాభై గజాలు.

"జరుగుండ్రీ! బ్రేకులు లేవు! జరుగుండ్రీ!"

ఎవరూ జరగలేదు. బోనాల బండి కదా, ఒకావిడ నిలబడి దండం పెడుతోంది!

ముప్పై గజాలు.

స్టీరింగ్ కుడికి తిప్పేశాడు. డీసీఎం డివైడర్‌కి ఒరిగి, ఇనుము రాతికి గీసుకుంటూ, నిప్పులు చిమ్ముతూ... ఒకటో గేర్! ఇంజన్ వణికింది. దడదడలాడింది.

ఆగింది.

బంపర్ ముందు జానెడు దూరంలో మెట్రో పిల్లర్. దాని మీద పాత గీత. నల్లగా, నడుము ఎత్తున.

అదే పిల్లర్!

అబూబకర్ చేతులు స్టీరింగ్ వదలడం లేదు. ఏడుపొచ్చింది. ఆ వెంటనే కోపమొచ్చింది. ఇప్పుడు తను తొక్కినట్టే ఆ రోజు ఖాదర్ కూడా తొక్కి ఉంటాడు. ఇలాగే అరిచి ఉంటాడు. నిద్రపోయాడట, నిద్ర!

* * *

ఎస్సై అనుపమ జీపు దిగేసరికి జనం రాకేశ్‌ని పట్టుకుని ఉన్నారు. కుంటుతున్నాడు. నోరు మాత్రం కుంటడం లేదు.

"ఇది నా బండి గాదు మేడం! బోనాలకని కిరాయికి తెచ్చిన. నా బండిని దొంగలు ఎత్తుకపోయిండ్రు గద, మీ స్టేషన్లనే కంప్లైంట్ ఉన్నది!"

అనుపమ టార్చ్ వేసి చూసింది. కొత్త నంబర్ ప్లేట్. కొత్త రంగు. ఛాసిస్ నంబర్ ఉండాల్సిన చోట గ్రైండర్‌తో గీకేశారు.

"ఇది మీ తమ్ముడు నడిపిన బండేనని ఏంటి ప్రూఫ్?" అని అడిగింది.

"ఉన్నది మేడం. కింద ఉన్నది."

అంతలో హనుమాండ్లు ఆయాసపడుతూ బైక్ దిగాడు.

"నువ్వాగు అబూ. కిందికి నేను పోత."

"నీ మోకాళ్లు వంగుతయా ఉస్తాద్?"

"పోతనంటున్న గదర! జరుగు!"

అబూబకర్ అప్పటికే కిందికి దూరాడు. అనుపమ కూడా టార్చ్ పట్టుకుని వంగింది. డీజిల్ ట్యాంక్ వెనక అడ్డపట్టీ. బురదని గోళ్లతో గీకాడు. చొక్కాతో తుడిచాడు.

అక్షరాలు తేలాయి.

U 9-3-19.

ఉమైరా పుట్టినరోజు! ఆ సాయంత్రం ఖాదర్ లడ్డూల డబ్బాతో వర్క్‌షాప్‌కి వచ్చి, మొదటి లడ్డూ ఉస్తాద్ నోట్లో పెట్టాడు. "నా బిడ్డ పేరు బండి మీద ఉండాలె భాయ్. పైన రాస్తె రాకేశ్ సేటు తిడతడు. కింద గుద్దు" అన్నాడు. అక్షరాల పంచ్ పెట్టి, సుత్తితో గుద్దింది అబూబకరే.

"నా తమ్ముని బిడ్డ పుట్టిన తారీఖు మేడం. ఆధార్ కార్డుల చూస్కోండ్రి. గీ బండే!"

అనుపమ ఫోటో తీసుకుంది. పైన రాకేశ్ జారుకోబోతే జనం ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

"బ్రేకులు సుత చూస్త మేడం. మీరు వీడియో తియ్యుండ్రి."

ముందు చక్రం దగ్గరికి పాకాడు. చక్రానికి పోవాల్సిన బ్రేక్ పైపు లేదు. ఆ చోట బోల్టు! రెండో చక్రం... అక్కడా బోల్టే! పైపు తీసి, దారి మూసి డమ్మీ కొట్టారు. ముందు రెండు చక్రాలకి బ్రేకే లేదు! కొత్త సామాను కొనడానికి చేతులు రాక, అరిగిపోయిన వెనక బ్రేకుల మీదే బండి తిప్పించాడు రాకేశ్. మనిషి చచ్చినా మార్చలేదు. రంగు మాత్రం కొత్తది వేయించాడు!

పానా పెట్టి ఒక బోల్టు విప్పాడు. బిగువుగా ఉంది. ఒక్క చుక్క కారలేదు. ఎంత నీటుగా చేశాడు వాడు!

బోల్టు చేతిలోకి వచ్చింది.

బోల్టు మరల చుట్టూ నూలు దారం. సబ్బు జిడ్డు. చివర ఒకటి... రెండు... మూడు ముళ్లు.

పొద్దున తన క్లచ్ లివర్ మీద పడిన కట్టే!

మెల్లగా బయటికి వచ్చాడు. లేచి నిలబడ్డాడు. ఎదురుగా ఉస్తాద్.

ఉస్తాద్ అతని మొహం చూడలేదు. బోల్టునే చూస్తున్నాడు.

"ఈ పని ఎవరిది?" అని అడిగింది అనుపమ.

అబూబకర్ బోల్టుని పిడికిట్లో బిగించాడు.

హనుమాండ్లే మాట్లాడాడు. మాట తడబడలేదు.

"గీ మూడు ముళ్ల కట్టు హైదరాబాద్ల ఇద్దరికే అస్తది మేడం. నాకు, వీనికి. నాకు చేతులు వణుకుతున్నయి, రెండేండ్లాయె బ్రేక్ పని ముట్టక. వీడే చేసిండు. తమ్ముడు సచ్చినంక భయపడి... గిట్ల అందరి మీద ఎగురుతుండు."

"అవ్ మేడం! అబూ గాడే చేసిండు!" రాకేశ్ అందుకున్నాడు.

అనుపమ చెయ్యి అబూబకర్ కాలర్ మీద పడింది.

జనం భగ్గుమన్నారు. "సొంత తమ్మున్నే సంపుకున్నడా!" ఎవరో చెప్పు తీశారు.

పాతికేళ్లు! పాతికేళ్లు ఆ చేతులే తనకి అన్నం పెట్టాయి. ఆ చేతులే ఈ దారం చుట్టాయి. బ్రేకులు పోతాయని తెలుసు. ఖాదర్ నడుపుతాడని తెలుసు. లడ్డూ తిన్న నోటితోనే...

నోరు!

అబూబకర్ ఉలిక్కిపడ్డాడు. బోల్టుని టార్చ్ వెలుగులోకి ఎత్తాడు. దారం కొస మీద మట్టి. బొటనవేలితో తుడిచాడు. ఇంకా తుడిచాడు.

మట్టి పోయింది.

కొస ఎర్రగా ఉంది!

"మేడం, గా బైక్ క్లచ్ మీద దారం చూడుండ్రి. పొద్దున చంద్రమ్మ ముంగట ఉస్తాద్ కట్టిండు. దాని కొస సుత గిట్లనే పాన్‌తోని ఎర్రగుంటది. నేను జన్మల పాన్ ముట్టలే."

అనుపమ బైక్ వైపు టార్చ్ వేసింది. దగ్గరికి నడిచింది. వంగి చూసింది.

వెనక్కి తిరిగింది. ఈసారి టార్చ్ పడింది హనుమాండ్లు మొహం మీద.

ఆయన పెదవులు గట్టిగా బిగించాడు.

అబూబకర్ ఒక్కో అడుగు వేసుకుంటూ దగ్గరికి వెళ్లాడు. కళ్లలో నీళ్లు. గొంతులో నిప్పులు!

"ఉస్తాద్... నోరు తెరువు!"