గనికాడి అత్తరు

తాండూరు నుంచి పెద్దేముల్ పోయే తొవ్వల, నీళ్లు నిండి ఇడిసిపెట్టిన బండల గని ఒకటి ఉండె. దీపాలు పెట్టే యాళ్లయిందంటే దాని పక్కకెంచి ఎవ్వలు పోయేటోళ్లు కాదు. పోతే అత్తరు వాసనొస్తదని... పక్కన మనిషి నడుస్తున్నట్టె వస్తదని.

నాకు ఎంకయ్య చెప్పిందే రాస్తున్న. బీరప్ప వేరే తీరుగ చెప్తడు. వాడు మా పొలం గట్టు దున్నుకున్నోడు — వాని మాట నేను లెక్కచెయ్య.

ఎంకయ్య చెల్లె భాగమ్మ. ఆమె మొగడు జంగప్ప ఆ గనిలనే బండలు కొట్టేటోడు. రజాకార్ల గొడవ సల్లబడ్డ ఏడు, ఓ పొద్దుగూకాల కనపడకుండ పోయిండు. గని ఒడ్డున చెప్పులు దొరికినయి. మనిషి దొరకలె. చచ్చిండన్నరు అందరు. ఎంకయ్య ఒక్కడే నమ్మలె.

"సేడం దిక్కు ఇంకో ఇల్లు పెట్టుంటడు," అనేటోడు.

కొన్నేండ్లకు భాగమ్మకు మారుమనువు కుదిరింది. వికారాబాదు మనిషి, నిమ్మళస్తుడు. తెల్లారితే వాళ్లు చీర తెస్తరు, అది కడితే మనువైనట్టే. కాని జంగప్ప బతికుండి, రేపు వాకిట్ల నిలబడితే? చెల్లె బతుకు రెండిండ్లకు కాకుండ పోతది.

అందుకే ఆ పొద్దుగూకాల ఎంకయ్య గనికి పోయిండు. దెయ్యం అత్తరు ఏడ కొంటది — మనిషే ఉంటడని ఆయన అనుమానం.

వాసనొచ్చింది.

జంగప్పదే. సంతల దొరికే చవక అత్తరు. పని దిగి తానం చేసినంక భాగమ్మనే ఆయన చెవెన్క రుద్దేది. రుద్దంగనే నిమ్మతొక్క పిండినట్టు ముక్కుల కొట్టేది. బువ్వ తినే యాళ్లకు మల్లెపూల తీరు మెత్తబడేది. పండుకునేటప్పటికి తడిమన్ను వాసనే మిగిలేది.

ఇప్పుడొచ్చింది ఆ తడిమన్ను వాసన.

"మధ్యాహ్నమే పూసుకున్నవన్నమాట," గొణిగిండు ఎంకయ్య. "ఏడ నక్కినవ్ రా..."

నీళ్లు కదలలె. ఎనకకెంచి, చాన మెల్లగ —

"బావా..."

భుజం మీద సల్లటి చెయ్యి పడ్డది. తిరిగి చూస్తే... ఎవ్వలు లేరు.

ఇంటిదాక ఉరికిండు.

"మనువు ఆపు చెల్లె. వాడు బతికే ఉన్నడు. నా మీద చెయ్యేసిండు."

"చూసినవా అన్నా?"

"చూడలె. వాని అత్తరు నాకు తెల్వదా?"

"ఇన్నేండ్లు పెండ్లాం మొకం చూడనోడు, నీ భుజం తట్టనీకి వచ్చిండా? వాడు చెయ్యేసిన ఆ అంగీ ఇటియ్యి."

భాగమ్మ అంగీని ఒళ్లె పెట్టుకొని దీపం ముందట కూసుంది. ఎంకయ్య గోడకొరిగి ఆమెనే చూస్తున్నడు. ఇద్దరు పండుకోలె. చాన సేపటికి ఆమె అంగీ ముక్కుకాడికి తీసుకున్నది.

"మల్లెపూలు," అన్నది.

"మన్ను వాసనొచ్చినంక మల్లెలెట్లొస్తయి?"

ఆమె అంగీ మళ్ల ఒళ్లె పెట్టుకున్నది.

కోడి కూసే యాళ్లకు అంగీ ఎత్తి వాసన చూసే పనే లేకపోయింది. ఇల్లంత నిమ్మతొక్క ఘాటు... ఇప్పుడే, ఈ అర్రలనే, ఎవ్వలో పూసుకున్నట్టు.

"బతికున్న మనిషి ఒంటి మీద అత్తరు నిమ్మ నుంచి మన్నుకు దిగుతది అన్నా," అన్నది భాగమ్మ. "ఇది ఎనకకు పోతున్నది. ఆయన బతికి లేడు."



ఆమె అంగీ మడతేసి పక్కన పెట్టింది. చేతులు చూసుకున్నది. వేళ్లకు నూనె అంటింది — తడిగ, వెచ్చగ, అప్పుడే ఒకని చెవెన్క రుద్దినట్టు.

కొంగుకు తుడుచుకోలె. అట్లనే లేచింది.

"తానానికి నీళ్లు కాగబెట్టు అన్నా. వికారాబాదోళ్లు బయిలెల్లుంటరు... వాళ్లు తెచ్చే చీర కట్టుకుంట."