లోపలికి పడిన అతుకు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా చిన్నబావ. తుప్పు పట్టి చిల్లులు పడ్డ వ్యాన్లకీ లారీలకీ రేకు ముక్క పెట్టి వెల్డింగు చేసే మనిషి. రేకు తప్ప కోతలు కోయడం రాదతనికి. అందుకే నమ్మాను.

అతను పనిచేసే షెడ్డు వెనక మూల ఒక పాత సరుకుల వ్యాను ఉండేది. దాని ఊసెత్తితే పనివాళ్ళు మాట మార్చేసేవాళ్ళు. దాని ఎడమ పక్కని షెడ్డు గోడకి ఆనించి పెట్టారు. మధ్యలో అరచెయ్యి కూడా దూరదు. ఆ గోడ వైపు రేకులోనే ఒక చిల్లు. ఎవరు పూడ్చినా తెల్లారేసరికి అతుకు ఊడి పడి ఉండేది.

అతుకుల తాత పోయింది ఆ వ్యానులోనే. బావకీ నాకూ పని నేర్పింది ఆయనే. తాగి లోపల పడుకుని పోయాడని షెడ్డు ఓనరు చెప్పాడు. అందరూ తలూపారు. నేను ఊపలేదు.

ఆ చిల్లు పూడ్చే పని బావ ఒప్పుకున్నాడని తెలిసి, పక్కనే టైర్లకు పంక్చర్లు వేసే పెద్దమ్మ ఊరుకోలేదు.

"దాని జోలికి పోకు నాయనా. అక్కడ అతుకు నిలవదు."

"తుప్పు మీద వేస్తే ఎలా నిలుస్తుంది పెద్దమ్మా? దెయ్యం దాకా ఎందుకు, తుమ్మినా ఊడుతుంది."

"ఆ తుమ్మేదెవరో చూసుకుని వెళ్ళు మరి."

బావ నవ్వి వ్యాను ఎక్కాడు.

తుప్పంతా గీకి, మంచి రేకు తగిలేదాకా కోశాడు. చిల్లు కంటే కాస్త పెద్ద ముక్క కత్తిరించి లోపలి వైపు నుంచి కప్పాడు. ఒక వెల్డింగు చుక్క ఇక్కడ, ఒక చుక్క అక్కడ... అలా చుట్టూ చుక్కలే పెట్టాడు. ఒకటే గీతగా లాగితే పలచటి రేకు ఎండుటాకులా ముడుచుకుంటుంది. చల్లారాక మధ్య ఖాళీలు నింపాలి. తాత నేర్పిన పద్ధతే.

అది చల్లారేలోగా తలుపు కింద వ్యాను అంచున వదులైన రేకు అతుకుదామని కూర్చున్నాడు. సాయంత్రం గాలి రేగింది. వెల్డింగు గ్యాసును గాలి ఎగరేసుకుపోతే అతుకు బొబ్బలెత్తుతుంది. బావకి బొబ్బ కనిపిస్తే నిద్ర పట్టదు. పక్క తలుపు జరిపి మూసుకున్నాడు — వ్యానుకి తెరుచుకునే తలుపు అదొక్కటే. కిటికీలకు ఎప్పుడో రేకులు కొట్టేశారు. వెనక తలుపుకి అడ్డంగా పాత ఇంజన్లు పడేశారు.

ఆఖరి చుక్క పెడుతుండగా దీపం పోయింది. వెల్డింగు మిషను గొంతు నొక్కినట్టు ఆగిపోయింది.

ఓనరు ఇంటికి పోతూ మెయిను దించేశాడు. లోపల ఎవరైనా ఉన్నారా అని అడగడు. అది ఆయన అలవాటు.

బావ తడుముకుంటూ తలుపు లాగాడు. కదల్లేదు. కాలు తన్నిపెట్టి లాగాడు... కదల్లేదు. బయటి నుంచి ఎవరో పట్టుకున్నట్టుంది.

అప్పుడు వాసన తగిలింది. కింద పరిచిన పాత దుప్పటి నిప్పురవ్వలకి అంటుకుని, మంట లేకుండా రాజుకుంటోంది. కాళ్ళతో తొక్కాడు. పొగ ఆగలేదు. అరిచాడు. అరుపు రేకులకి కొట్టుకుని తన చెవులకే తిరిగొచ్చింది.

ఊపిరి అందడం లేదు. ఆ పెట్టెకి ఉన్న ఒక్క చిల్లునీ తనే పూడ్చేశాడు.

సుత్తి వెతికి పట్టుకుని గోడ వైపు పాకాడు. తన అతుకునే కొట్టాడు. కొడుతూనే తెలుసు, లాభం లేదని. లోపలి నుంచి కప్పిన రేకు అది. ఇటు నుంచి కొట్టే కొద్దీ అంచుల మీద ఇంకా బిగుసుకుంటుంది. పైగా పని బాగా చేశాడు మరి.

చేతులు పడిపోయాయి. నుదురు రేకుకి ఆనించి కూలబడ్డాడు.

టక్...

ఇనుము చల్లారుతోంది, అనుకున్నాడు.

టక్... టక్...

నుదుటికి తగిలింది. అటు నుంచి. గోడ వైపు నుంచి.

"ఎవరు?" అన్నాడు.

జవాబుగా ఇంకో దెబ్బ. ఇంకోటి. చుక్కలు ఒక్కొక్కటే పటపట తెగాయి... రేకు ముక్క ఊడి అతని ఒళ్ళో పడింది.

చల్లటి గాలి. బావ ఆ చిల్లుకి మూతి ఆనించి, పసిపిల్లాడు పాలు తాగినట్టు తాగాడు.

పెద్దమ్మ పొగ చూసి వచ్చింది. గడ్డపార తలుపు సందులో పెట్టి ఒక్క పెకలింపు పెకలించింది. తలుపు టప్పున విడిపోయింది. బావ బయట పడి దగ్గుతుంటే నీళ్ళ చెంబు చేతికిచ్చింది.

"రెండో వాడేడీ?" అంది.

"రెండో వాడెవడు?"

"నీ దెబ్బలు విన్నాను. అవి ఆగాక ఇంకొకడు కొట్టాడు. వాడి చెయ్యి నిదానం."

బావ ఆమె చేతి దీపం తీసుకుని తలుపు కింద అంచు చూశాడు. తలుపుని పట్టుకున్నది దెయ్యం కాదు. తన చుక్కే. అంచు దాటి తలుపు రేకుని కూడా కరిచింది. ఆ చీకటి మూలలో, ఆ కోణంలో, ఎంత పనివాడి చెయ్యయినా అక్కడే జారుతుంది.

ఎంత పనివాడిదయినా... తన చుక్క పక్కనే ఇంకో మచ్చ కనిపించింది. పాత చుక్క. అదీ తలుపుని కరిచిందే. ఎవరో దాన్ని గ్రైండరుతో అరగదీసి, పైన రంగు పూశారు.

మర్నాడు బావ ఆ మచ్చ చూపిస్తే ఓనరు చూడలేదు.

"దెయ్యం తలుపు మూసిందని ఊరంతా అంటోంది. అలాగే అననీ," అన్నాడు.

ఇప్పటికీ అలాగే అంటున్నారట. తాగుబోతు తాత, చచ్చినా మనుషుల్ని వదలడని. నాకు రాత అంతంతమాత్రం. అయినా కూర్చుని రాశాను. ఆ షెడ్డు వైపు వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఈ మాట సరిచేయండి. తాత తాగలేదు, పని చేస్తూ బావలాగే లోపల చిక్కుకున్నాడు. బావ మీద తలుపు మూసింది కూడా ఆయన కాదు. ఆయన తెరిచింది చిల్లు. దాన్ని ఇంకెవరూ పూడ్చవద్దు.