తాకని నోటీసు

పొద్దున్నే గొర్రెపిల్లలకు పాలు పట్టి, నాయనకు సంగటి కెలికి పెట్టి, రాధిక ఉదయగిరిలో ఆత్మకూరు బస్సెక్కింది. కూతురు సుజనను వెనక్కి తెచ్చుకోవడానికి ఆ రోజు కోర్టులో దావా వెయ్యాలి. ఆమె పుట్టింటికి వచ్చేశాక, ఏడాదిన్నర కింద మొగుడు కోటేశ్వర్ బట్టలు కొనిస్తానని అయిదేళ్ళ పిల్లను తన ఊరు కలిగిరికి తీసుకుపోయాడు. మళ్ళీ పంపలేదు.

ఇన్నాళ్ళూ ఏం చేసిందని అడగడం సులువు. లాయరు ఎక్కడుంటాడో చెప్పే మనిషి వాళ్ళ ఊళ్ళో లేడు. పేదోళ్ళకు లాయరును ఊరికే ఇస్తారన్న సంగతి మొన్న ఒక టీచరమ్మ చెబితేనే తెలిసింది. ఆ సంగతి రాసిన బోర్డు కోర్టు గోడకు కట్టి చేతులు దులుపుకుంటే చాలా? ఆ గోడ దాకా రావడానికే ఒక రోజు కూలి పోతుంది.

ఆ ఉచిత లాయరు పేరు సుకుమారి. రాధిక చెప్పిందంతా విని, పేర్లు కంప్యూటరులో కొట్టి చూసి, తెరను ఆమె వైపు తిప్పింది.

"కేసు అయిపోయిందమ్మా. నీ భర్తే వేశాడు. పోయిన ఏప్రిల్‌లో నీకు నోటీసు పంపితే మీ ఇంట్లో తీసుకోలేదు. వద్దని తిప్పి పంపినా అందినట్టే లెక్క. నువ్వు రాలేదని ఆగస్టులో పిల్లను తండ్రి దగ్గరే ఉంచమని తీర్పిచ్చేశారు."

ఏప్రిల్ నెలంతా రాధికా, అమ్మ శీనమ్మా సంగం కాలవ కింద పొలాల్లో గొర్రెల మంద నిలుపుకుని అక్కడే ఉన్నారు. ఇంట్లో ఉండింది నాయన కొండయ్య ఒక్కడే.

సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి కొండయ్య దొడ్డి దగ్గర గొర్రె గిట్ట చెక్కుతున్నాడు. పోస్టుమేను కాయితం తెచ్చాడా అని అడిగింది.

"తెచ్చినాడు. కలిగిరోళ్ళు పంపినారన్నాడు. తాకను పో అన్నాను. రెండు తూర్లు తిప్పి పంపినాను." ఆ గొంతులో కొంత గొప్ప కూడా ఉంది.

ఆ ఊరి పంచాయితీ పద్ధతి అది. పిలుపు అందుకోకపోతే పంచాయితీ కూర్చోదు. ఒక పక్క మనిషి రాకుండా పెద్దమనుషులు నోరు తెరవరు. ముప్పయ్యేళ్ళు వాళ్ళ మధ్య కూర్చున్న కొండయ్య, ఆ కాయితం ముట్టుకోకుండా మనవరాలిని కాపాడాననుకున్నాడు.

"కోర్టు అట్లా కాదు నాయనా. మనం పోకపోయినా కూర్చుంటాది. కూర్చుని సుజనను వాళ్ళకిచ్చేసినాది."

కొండయ్య చేతిలో కత్తి ఆగింది. "తల్లిని అడక్కుండా తీర్పేంది? వాళ్ళేం పెద్దమనుషులు?"

"నాకొక్క మాట చెప్పి ఉంటే నేను కోర్టుకు పోయుండేదాన్ని గదా. పది నెలలు దాచిపెట్టినావు."

"బెదురుకుంటావని చెప్పలేదు."

"నా బిడ్డను పోగొట్టినావు నాయనా."

ఇంట్లోంచి వచ్చిన శీనమ్మ, కన్న తండ్రిని ఆ మాట అనొచ్చా అని కూతురిని కసిరి, అంతలోనే మొగుడినీ తిట్టి, ఇద్దరి మధ్యా కూలబడింది. కొండయ్య కత్తి కింద పెట్టాడు. "రేపు పొయ్యి నేనే తీసుకుంటాను ఆ కాయితం. ఇమ్మను. ఏడ ఏలిముద్ర వెయ్యమంటే ఆడ వేస్తాను."

ఆ కాయితంతో ఇప్పుడు పనిలేదు. ఆలస్యం ఎందుకైందో చెప్పడానికి ఒక పిటిషను, తీర్పు తీసెయ్యమని ఇంకొకటి, ఆ తర్వాతగానీ అసలు కేసు మొదలుకాదని సుకుమారి చెప్పింది. రెండేళ్ళో మూడేళ్ళో. ఆలోగా పిల్ల అక్కడే అలవాటు పడితే కదిలించరమ్మా, ఊరికే ఆశ పెట్టను, అంది.

ఫోను మోగింది. కలిగిరి నుంచి. అత్త మనసు బాగున్న రోజున పిల్ల చేత మాట్లాడిస్తుంది. రాధిక స్పీకరు పెట్టింది.

"అమ్మా, జడ్జి పిలిస్తే నువ్వు రాలేదంట గదా. అవ్వ చెప్పినాది. నేను వద్దా నీకు?"

"నాకు తెలీలేదు తల్లీ. ఎవురూ చెప్పలేదు."

"తాతక్కూడా తెలీదా?"

రాధిక తండ్రి వైపు చూసింది. కొండయ్య తల దించుకున్నాడు. ఒక్క మాట చాలు, ఆ పిల్ల జన్మలో తాత ముఖం చూడదు.

"తాతక్కూడా తెలీదు," అంది.

అన్నాక గాని అది అబద్ధం కాదని ఆమెకు తట్టలేదు. పిలిచినా పోకపోతే కోర్టు ఏం చేస్తుందో అతనికి నిజంగానే తెలీదు. తెలియజెప్పినవాడు ఒక్కడూ లేడు. కొండయ్య తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే, పోయి పక్కన కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు తెలిసింది గదమ్మా," అంది సుజన. "ఎప్పుడొస్తావు మరి?"

అవతల ఎవరో ఫోను లాక్కున్నారు. రాధిక మళ్ళీ అదే నంబరు నొక్కింది.