మూడో ఇసుక పలక

అక్వేరియం అడుగున పరిచిన ఇసుకలో మూడో వంతు రాత్రికి రాత్రే మాయమైపోయింది!

ప్రభాకర్ కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. ఎడమవైపు తెల్లటి ఇసుక, కుడివైపు తెల్లటి ఇసుక, మధ్యలో మూరెడు బోసి గాజు. ఒక నారింజ చేప ఆ గాజులో తన మొహం తానే చూసుకుని, బెదిరి రాళ్ళ చాటుకు దూరింది.

సౌదీలో, ధహ్రాన్‌లోని ఆ పిల్లల డెంటల్ క్లినిక్ తలుపులు తెరిచి ఇంకా పావుగంట కాలేదు.

"ఏవండీ అక్వేరియం సారూ, అద్దానికి ముక్కు ఆనించి ఏం చూస్తున్నారు? చేపలు జడుసుకుంటాయి."

నర్సు శ్రీలత. తెనాలి పిల్ల. మాస్కు మీద కళ్ళు మాత్రమే కనిపిస్తున్నా నవ్వుతోందని తెలిసిపోతోంది.

"పరాచికాలు కాదు మేడం. నడిమి పలక లేదు. పదింటికి ముదీర్ వస్తుండు."

ముదీర్ అంటే పెద్దసారు, ఈ క్లినిక్ యజమాని. ఆ మాట వినగానే ఆమె కళ్ళలో నవ్వు ఠక్కున ఆగిపోయింది.

"ఆయనొచ్చేది బుధవారం కదా!"

"ఇయ్యాలకు జరిపిండ్రు. పొద్దుగాల ఫోన్ చేసిండ్రు."

విదేశీ పనివాళ్ళ మీద కట్టాల్సిన లెవీ పెరిగాక ప్రభాకర్ కంపెనీ ముగ్గురు అక్వేరియం పనివాళ్ళలో ఇద్దర్ని ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి పంపేసింది. మిగిలింది నిర్మల్ నుంచి వచ్చిన ప్రభాకర్ ఒక్కడే. ఉప్పునీటి తొట్టిలో ఇసుక శుభ్రం చేయడమంటే పూటంతా పని. అందుకే బుర్రకు పదును పెట్టాడు. యాక్రిలిక్ షీటును మూడు పలకలుగా, అంచులు అలల్లా వంకర తిరిగేలా కోశాడు. ఎపాక్సీ జిగురు పూసి, జల్లెడ పట్టిన ఇసుక అద్ది, వారం ఆరబెట్టి, మరో వారం ఉప్పునీళ్ళలో నానబెట్టాడు. తొట్టిలో దింపితే బ్రహ్మదేవుడికి కూడా అతుకు దొరకదు. మురికి పడితే పలక ఎత్తి, కడిగి, మళ్ళీ పెట్టేయడమే.

ముదీర్‌కు నచ్చితే ఆయన ఐదు క్లినిక్కులకూ ఆర్డరు, ప్రభాకర్ ఇకామాకు, అంటే ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్‌కు, రెన్యూవల్. నచ్చకపోతే మూడో విమానం టికెట్టు.

ఆ పలక తీయాలంటే దాని మీది రాయి జరిపి, కింద ఉన్న కన్నంలో వేలు పెట్టాలి. ఆ కన్నం గుట్టు ప్రభాకర్ ఒక్కరికే చెప్పాడు, పోయిన నెల, గొప్పలు పోతూ.

గిర్రున వెనక్కి తిరిగాడు. శ్రీలత అక్కడ లేదు.

పది కొట్టకముందే ముదీర్ దిగాడు. అద్దంలోకి చూసి కనుబొమలు ముడిచాడు.

"ఎవరి పని ఇది?"

ఆమె పేరు చెబితే ఆమె ఉద్యోగం పోతుంది. ప్రభాకర్ గొంతు సవరించుకుని, వచ్చీరాని హిందీలో, "తప్పు నాదే సార్. కడగడానికి తీసి, మళ్ళీ పెట్టడం మర్చిపోయాను" అన్నాడు.

"అబద్ధం సార్!"

స్టెరిలైజేషన్ గదిలోంచి శ్రీలత పరుగున వచ్చింది. చేతుల్లో ఇసుక పలక, నీళ్ళు కారుతూ.

"తీసింది నేను."

ముదీర్ నోరు తెరిచేలోగా ప్రభాకర్ పలక అందుకుని నీళ్ళలోకి దించాడు. అంచుకు అంచు కలిసింది. రాయి కూర్చుంది. దాక్కున్న చేప నింపాదిగా బయటికొచ్చింది.

ముదీర్ వంగి చూశాడు, పక్కకు జరిగి చూశాడు, అతుకు కోసం వెతికి వెతికి వాచీ చూసుకున్నాడు.

"నర్సు తీయగలిగింది. నువ్వు అర నిమిషంలో పెట్టేశావు. ఖలాస్, తేలిపోయింది! ఐదు క్లినిక్కులకూ ఇదే కావాలి, మనిషీ ఇతనే కావాలి. మీ కంపెనీతో నేను మాట్లాడతాను."

ఆయన అటు వెళ్ళగానే ప్రభాకర్ ఇటు తిరిగాడు.

"నన్ను విమానం ఎక్కిద్దామని చూసిండ్రా మేడం?"

శ్రీలత మాస్కు కిందికి లాగింది.

"విమానమా! మిమ్మల్ని ఇక్కడికి రప్పిద్దామని చూశాను. ఉత్త ఇసుకున్నప్పుడు ప్రతి సోమవారం మూడు గంటలు ఇక్కడే ఉండేవారు. ఈ పలకలొచ్చాక నెలకోసారి, అదీ పది నిమిషాలు! మీ తెలివి తగలెయ్య! ఒక ముక్క దాచేసి మధ్యాహ్నం కంప్లయింట్ పెడితే పరిగెత్తుకొస్తారనుకున్నాను. తీసింది నేనే. దాచింది నేనే. మీ మీద మనసు పడిందీ నేనే. మా అమ్మతో నిన్ననే చెప్పేశాను. మీ ఇంట్లో ఎప్పుడు చెబుతారో ఇక మీ ఇష్టం!"